హెచ్ పైలోరీ పరీక్షలు, వైద్యం: 134 రోజుల నా అనుభవం

ఏప్రిల్ 15న నా చేతికి వచ్చిన రిపోర్టులో ‘నెగెటివ్’ అని ఉంది. ఆగస్టు 21న వచ్చిన రిపోర్టులోనూ అదే మాట ఉంది. మొదటిది తప్పు, రెండవది నిజం. ఒకే పరీక్ష, ఒకే మనిషి, ఒకే మాట అయినా ఈ తేడా ఎందుకు వచ్చిందో ముందే ఎవరైనా నాకు చెప్పి ఉంటే దాదాపు రెండు నెలల బాధ తప్పేది. కడుపులోని ఈ సూక్ష్మజీవి కోసం పరీక్షలకు వెళ్లబోయేవారికి ఆ సంగతి తెలియాలనే జరిగినదంతా తేదీలతో సహా రాస్తున్నాను.

నొప్పి ఫిబ్రవరిలో మొదలైంది. రాత్రి ఒంటిగంటకూ రెండింటికీ మధ్య, బొడ్డుకు పైన, పక్కటెముకలు కలిసే చోటుకు కాస్త కింద, లోపలి నుంచి గోటితో గీరుతున్నట్టుగా వచ్చి నిద్ర లేపేది. ఏదైనా కాస్త తింటే అరగంటలో సర్దుకునేది, కడుపు ఖాళీ అయ్యేసరికి మళ్లీ మొదలయ్యేది. తింటే తగ్గుతోంది కదా, వేళకు తినకపోవడం వల్లే వస్తోందని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ నమ్మాను. అందరిలాగే గ్యాస్ మాత్ర మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక పాంటొప్రజోల్ వేసుకుంటే నొప్పి సగానికి తగ్గేది. ఆ సగం తగ్గడమే నన్ను రెండు నెలలు మభ్యపెట్టింది.

ఏప్రిల్ 9న మాకు అలవాటైన డాక్టరు గారిని కలిశాను. ఆయన పొట్ట నొక్కి చూసి, హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉందేమో చూద్దామని శ్వాస పరీక్ష రాశారు. అయిదు రోజుల తరువాత, 14వ తేదీ ఉదయం, పరగడుపున ల్యాబుకు వెళ్లాను. ముందు ఒక సంచిలోకి ఊదించారు. తరువాత యూరియా కలిపిన కొద్దిపాటి ద్రవం తాగించి, అరగంట కూర్చోబెట్టి, మరో సంచిలోకి ఊదించారు. సూది లేదు, నొప్పి లేదు. మరుసటి రోజు సాయంత్రానికి ‘నెగెటివ్’ అని వచ్చింది. చూసి ఎంత తేలికపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అయితే ఇది ఉత్త గ్యాసేనని తేల్చుకుని అదే మాత్రను కొనసాగించాను. ఆ ఉదయం కూడా పరగడుపునే ఉండాలన్నారు కాబట్టి నీళ్లతో ఆ మాత్ర ఒక్కటే వేసుకుని వెళ్లాను. ఏ మందులు వాడుతున్నారని ల్యాబులో ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు.

మే నెలాఖరుకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, మధ్యాహ్నానికే ఒళ్లు తూలిపోయేది. జూన్ 2న రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 9.8 ఉంది, ఐరన్ నిల్వలు అడుగంటాయి. డాక్టరు గారు ఈసారి ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు (కడుపు, పేగుల వైద్య నిపుణురాలు) దగ్గరకు పంపారు. అపాయింట్‌మెంటు దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది.

జూన్ 11న కలిసిన ఆ డాక్టరమ్మ నా పాత రిపోర్టు చేతిలోకి తీసుకుని, ఫలితం వంక చూడక ముందే అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఈ పరీక్షకు ఎన్ని రోజుల ముందు గ్యాస్ మాత్ర ఆపారు?”

“ఆపలేదండీ. ఆ రోజు పొద్దున కూడా వేసుకున్నాను” అన్నాను.

ఆవిడ రిపోర్టును బల్ల మీద బోర్లా పెట్టి, “అయితే దీన్ని లెక్కలోకి తీసుకోలేం” అన్నారు. పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వంటి మాత్రలు ఈ సూక్ష్మజీవిని చంపవు గాని దాని సంఖ్యను తగ్గించి, దాని చురుకుదనాన్ని అణచివేస్తాయట. అప్పుడు పరీక్ష చేస్తే ఉన్నది కూడా లేనట్టే కనిపిస్తుందట. అందుకే ఆ మాత్రలను కనీసం 2 వారాల ముందు, యాంటీబయాటిక్‌లను, బిస్మత్ (కడుపు మందుల్లో వాడే ఒక లోహం) ఉన్న మందులను 4 వారాల ముందు ఆపాలని ఆవిడ వివరించారు. ఏప్రిల్ 14 నుంచి జూన్ 11 వరకు 58 రోజులు నేను ఒక అబద్ధపు ఫలితాన్ని పట్టుకుని కూర్చున్నాను. కోపం వచ్చింది. రెండు ముక్కలు చెప్పడానికి అర నిమిషం పట్టేది కదా అనిపించింది. ఆ పరీక్షకు కట్టిన డబ్బు సంగతి అటుంచితే, ఆ 58 రోజుల్లో నా ఒంట్లోంచి పోయిన రక్తానికి ఎవరు జవాబు చెబుతారు?

రక్తం తక్కువగా ఉంది కాబట్టి శ్వాస పరీక్ష చాలదని, ఎండోస్కోపీ చేసి లోపల స్వయంగా చూడాలని ఆవిడ నిర్ణయించారు. నొప్పి మాత్రలు వాడుతున్నారా అని అడిగారు. నడుంనొప్పికి అప్పుడప్పుడు ఐబుప్రోఫెన్ వేసుకుంటున్నానని చెబితే, కడుపులో పుళ్లకు ప్రధానంగా ఈ సూక్ష్మజీవి, ఆ రకం నొప్పి మాత్రలే కారణమని చెప్పి ఆ రోజు నుంచే మాన్పించారు. గతంలో ఏ యాంటీబయాటిక్‌లు వాడారో వెతికి పాత చీటీలు తెమ్మన్నారు. ఇది నేను ఊహించని పని. ఇంటికి వచ్చి సొరుగులన్నీ గాలిస్తే, రెండేళ్ల క్రితం ఛాతీలో నెమ్ము చేరినప్పుడు వాడిన క్లారిత్రోమైసిన్ చీటీ దొరికింది. ఆ ఒక్క కాగితమే తరువాత నా వైద్యాన్ని నిర్ణయించింది.

గ్యాస్ మాత్ర లేకుండా గడిపిన ఆ 2 వారాలు మొత్తం ప్రయాణంలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచాయి. మూడో రోజుకే మంట గొంతు దాకా ఎగదన్నింది. తలవైపు రెండు దిండ్లు వేసుకుని, సగం కూర్చునే నిద్రపోయేవాణ్ణి. మరీ తట్టుకోలేకపోతే యాంటాసిడ్ ద్రవం తాగవచ్చని, పరీక్షకు ముందు రోజు అది కూడా మానాలని చెప్పారు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, కళ్లు తిరిగి పడిపోయినా పరీక్ష తేదీ కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి రమ్మన్నారు. అందుకని రోజూ పొద్దున భయంభయంగా చూసుకునేవాణ్ణి. అర్ధరాత్రి ఒక్క మాత్ర వేసుకుంటే ఏమవుతుందిలే అని రెండుసార్లు చెయ్యి పెట్టె దాకా వెళ్లింది. వేసుకుంటే మళ్లీ మొదటి నుంచి 14 రోజులు లెక్కపెట్టాలని గుర్తొచ్చి ఆగిపోయాను. చివరికి ఆ మాత్రల పెట్టెను మా తమ్ముడి గదిలో పెట్టించాను.

జూన్ 26న ఎండోస్కోపీ. ముందు రాత్రి నుంచి 8 గంటలు ఏమీ తినకూడదన్నారు. మత్తు ఇచ్చి చేయించుకుంటారా, గొంతుకు తిమ్మిరి మందు చల్లించుకుని చేయించుకుంటారా అని అడిగారు. మత్తు తీసుకుంటే వెంట ఒక మనిషి తప్పనిసరి, ఆ రోజంతా బండి నడపకూడదు, దాని బిల్లు వేరే. నేను తిమ్మిరి మందునే ఎంచుకున్నాను. ఆ మందు విపరీతమైన చేదు. నిమిషంలో గొంతు మొద్దుబారిపోయి, మింగుతున్నా మింగనట్టే ఉంటుంది. ఊపిరి ఆడడం లేదేమోనన్న భయం ఆ క్షణంలోనే పుడుతుంది, నిజానికి ముక్కుతో శ్వాస మామూలుగానే ఆడుతూ ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, పళ్ల మధ్య ప్లాస్టిక్ కట్టు పెట్టారు. “ఉమ్మి మింగకండి, పక్కకు కారిపోనివ్వండి, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి” అని నర్సు నా భుజం మీద చెయ్యి వేసి చివరి దాకా చెబుతూనే ఉంది. గొట్టం గొంతు దాటేటప్పుడు రెండు మూడు సార్లు గట్టిగా డోకు వచ్చింది, కళ్ల వెంట నీళ్లు కారాయి. లోపలికి గాలి పంపినప్పుడు పొట్ట ఉబ్బి త్రేన్పులు ఆగలేదు. పరీక్ష కోసం చిన్న ముక్కలు తీసినప్పుడు మాత్రం నొప్పే తెలియలేదు. అంతా కలిపి 7 నిమిషాలట. నాకు గంటలా గడిచింది.

గొంతు తిమ్మిరి వదిలే దాకా, అంటే సుమారు గంటసేపు, చుక్క నీరు కూడా తాగకూడదని బయట కూర్చోబెట్టారు. అప్పుడే నర్సు ఒక చిన్న ప్లాస్టిక్ పలక తెచ్చి చూపించింది. అందులో బొత్తామంత పసుపు రంగు జెల్, దాని మధ్యలో నువ్వుగింజంత ముక్క. అది నా కడుపులోంచి తీసినదే. ఈ సూక్ష్మజీవి యూరియేస్ అనే ఎంజైముతో యూరియాను విడగొట్టి అమోనియాను పుట్టిస్తుందని, ఆ అమోనియాను చుట్టూ కవచంలా పెట్టుకునే అంత ఆమ్లంలోనూ బతుకుతుందని ఆమె చెప్పింది. జెల్‌లో యూరియా ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవి ఉంటే రంగు మారుతుంది. నేను చూస్తుండగానే ముక్క అంచున సన్నని గులాబీ గీత కనిపించింది. ఇరవై నిమిషాలకు అది వలయంలా విస్తరించి, పసుపంతా ముదురు గులాబీగా మారింది. నాలుగు నెలలుగా రాత్రుళ్లు నన్ను నిద్ర లేపుతున్నది ఏమిటో మొదటిసారి కంటితో చూశాను. భయపడాల్సింది పోయి నాకు ఏడుపుతో కూడిన ఊరట కలిగింది. నేను ఊహించుకుంటున్న నొప్పి కాదిది, అతిగా ఆలోచించడం వల్ల వచ్చిందీ కాదు.

చిన్నపేగు మొదట్లో 8 మిల్లీమీటర్ల పుండు ఉందని, దాని నుంచి కొద్దికొద్దిగా రక్తం పోతూ ఉండి ఉంటుందని డాక్టరమ్మ చెప్పారు. ముక్కల పరీక్ష ఫలితానికి ఆరు రోజులు ఆగాలన్నారు. ఎండోస్కోపీ అంటే అంతా కలిపి ఒకే బిల్లు అనుకున్నాను. జెల్ పరీక్షకు, ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసినందుకు విడివిడిగా కట్టాల్సి వచ్చింది. ముందే అడిగి ఉంటే ఆ పూట తమ్ముడు డబ్బు కోసం పరుగెత్తే పని ఉండేది కాదు.

ఆ ఆరు రోజులూ సరిగ్గా నిద్ర లేదు. మా మేనమామ కడుపు క్యాన్సరుతో పోయారు. హెచ్ పైలోరీని క్యాన్సరు కారకాల మొదటి తరగతిలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే చేర్చిందని ఎక్కడో చదివినప్పటి నుంచి ఆయన ముఖమే కళ్ల ముందు తిరిగింది. ఇది ఉన్నవారిలో చాలా కొద్దిమందికే క్యాన్సరు వస్తుందని డాక్టరమ్మ చెప్పినా మనసు ఊరుకోలేదు. ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చింది ఈ సూక్ష్మజీవిని కనిపెట్టిన కథే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని పెంచడానికి ఎన్నిసార్లు ప్రయత్నించినా పెరగలేదట. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ఆ పళ్లేలను మామూలుగా పారేసే రోజుకు పారేయకుండా ఇంకొన్నాళ్లు వదిలేస్తే, అప్పుడు పెరిగి కనిపించిందట. పుళ్లు ఒత్తిడి వల్ల, తిండి వల్ల వస్తాయని అందరూ అంటున్న కాలంలో, 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులను స్వయంగా తాగి కడుపువాపు తెచ్చుకుని చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. నీ తిండే సరిగా లేదు, నీకు కంగారెక్కువ అని నాలుగు నెలలు మాటలు పడ్డవాడిగా మార్షల్ మీద నాకు ఎంతో కృతజ్ఞత కలిగింది.

జూలై 2న రిపోర్టు వచ్చింది. క్యాన్సరు లక్షణాలు లేవు, హెచ్ పైలోరీ ఉంది. ఒకప్పుడు క్లారిత్రోమైసిన్ వాడాను కాబట్టి అది నా ఒంట్లోని సూక్ష్మజీవి మీద పని చేయకపోవచ్చని, 14 రోజులకు నాలుగు మందులు కలిపి రాశారు: బిస్మత్, రెండు యాంటీబయాటిక్‌లు (టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్) రోజుకు నాలుగేసిసార్లు, గ్యాస్ మాత్ర రెండుసార్లు. రోజుకు 14 మాత్రలు, 14 రోజులకు 196. లెక్క వేసుకుని కాసేపు ఆ చీటీనే చూస్తూ ఉండిపోయాను.

చీటీ తీసుకుని బయలుదేరితే టెట్రాసైక్లిన్ దొరకలేదు. మూడు మందుల దుకాణాల్లో లేదన్నారు, నాలుగోచోట తెప్పిస్తామన్నారు. ఉన్నవాటితో మొదలుపెట్టనా అని ఫోన్ చేస్తే, నాలుగూ చేతికి వచ్చాకే మొదలుపెట్టాలని, అరకొరగా వాడితే చావకపోగా మొండికెత్తుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. అలా మరో రెండు రోజులు పోయాయి. జూలై 5 ఉదయం మొదటి మోతాదు వేసుకున్నాను.

మందులకంటే వేళలు గుర్తుంచుకోవడమే పెద్ద పని. గ్యాస్ మాత్ర తినడానికి అరగంట ముందు. టెట్రాసైక్లిన్‌ను నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకుంటే అన్నవాహికలో అతుక్కుని పుండు చేస్తుంది. పాలు, క్యాల్షియం, ఐరన్ దాని దరిదాపుల్లో ఉండకూడదు. నా రక్తహీనతకు రాసిన ఐరన్ మాత్రలను కూడా ఈ 14 రోజులు పక్కన పెట్టించారు. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లు, ఆపిన తరువాత మరో మూడు రోజులు మద్యం అసలు ముట్టకూడదన్నారు. ఆల్కహాలు కలిసిన దగ్గు మందులు కూడా అందులోకే వస్తాయట. కాగితం మీద గళ్లు గీసి గోడకు అతికించి, వేసుకున్నప్పుడల్లా గుర్తు పెట్టాను.

మూడో రోజు నుంచి నోట్లో తుప్పు పట్టిన ఇనుము పెట్టుకున్నట్టు రుచి. మంచినీళ్లు కూడా అలాగే ఉండేవి. నాలుగో రోజు అద్దంలో చూస్తే నాలుక నల్లగా ఉంది, మలం కూడా నల్లబడింది. నల్లగా వస్తే పరుగెత్తుకు రమ్మన్న మాట గుర్తొచ్చి గుండె జారిపోయింది. ఫోన్ చేస్తే నర్సు శాంతంగా అడిగింది: జిగురుగా, తారులా, భరించలేని వాసనతో ఉందా? కళ్లు తిరుగుతున్నాయా? అవేవీ లేకపోతే అది బిస్మత్ రంగేనని, మందు ఆపాక పోతుందని చెప్పింది. బిస్మత్ వాడేవారికి ఈ సంగతి మందుతో పాటే చెప్పాలని నా అభిప్రాయం.

తొమ్మిదో రోజు రాత్రి మోతాదు వేసుకోకుండానే నిద్రపోయాను. పొద్దున రెండు మోతాదులు కలిపి వేసుకోవాలా అని అడిగితే వద్దన్నారు, మామూలు వేళకే కొనసాగించమన్నారు. పదకొండో రోజున మాత్రం అక్కడితో మానేద్దామనిపించింది. వికారం, విరేచనాలు, నీరసం. పైగా కడుపునొప్పి అప్పటికే పూర్తిగా పోయింది, రాత్రి మెలకువే రావడం లేదు. తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకన్న ఆలోచన ఎంత సహజంగా వస్తుందో అంత ప్రమాదకరమైనది. మా తమ్ముడు ఏమీ వాదించలేదు. గోడ మీది కాగితం దగ్గరకు తీసుకెళ్లి మిగిలిన గళ్లు చూపించాడు. జూలై 18 రాత్రి చివరి గడిలో గుర్తు పెట్టాను. మరుసటి రోజు నుంచి ఐరన్ మాత్రలు మొదలయ్యాయి.

పుండు మానడానికి గ్యాస్ మాత్ర ఇంకో 2 వారాలు, ఆగస్టు 1 వరకు వాడించి ఆపించారు. ఆపిన నాలుగు రోజులకు మంట తిరగబెట్టింది. సూక్ష్మజీవి చావలేదు, మళ్లీ 196 మాత్రలు మింగాలి అనుకుని ఆ రాత్రి కుమిలిపోయాను. చాలాకాలం వాడిన గ్యాస్ మాత్రను ఆపితే కొన్నాళ్లు ఆమ్లం ఎక్కువగా ఊరుతుందని, మంట ఉన్నంత మాత్రాన మందు పని చేయనట్టు కాదని, మంట లేనంత మాత్రాన పని చేసినట్టూ కాదని, పరీక్షే చెప్పాలని డాక్టరమ్మ అన్నారు. పది రోజులకు ఆ మంట దానంతటదే చల్లబడింది.

యాంటీబయాటిక్‌లు అయిపోయాక కనీసం 4 వారాలు ఆగాలి. నేను ఆగస్టు 20 దాకా ఆగాను. రక్తంలో చూసే యాంటీబాడీ పరీక్షతో త్వరగా తేల్చుకోవచ్చు కదా అని అడిగాను. సూక్ష్మజీవి పోయాక కూడా ఆ యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి కాబట్టి అది ఇక్కడ పనికిరాదన్నారు. ఈసారి శ్వాస పరీక్షకు ఆసుపత్రికే వెళ్లాను. సంచి చేతికివ్వక ముందే అక్కడి అమ్మాయి ఒక కాగితం ఇచ్చి, గ్యాస్ మాత్ర ఆపిన తేదీ, యాంటీబయాటిక్ ఆపిన తేదీ రాసి సంతకం చేయమంది. ఆగస్టు 1, జూలై 18 అని రాస్తున్నప్పుడు చెయ్యి కొద్దిగా వణికింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఫలితం వచ్చింది. ఏప్రిల్ 9 నుంచి లెక్కపెడితే అది 134వ రోజు.

ఆ రిపోర్టు చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మా అమ్మ గురించి అడిగారు. మేనమామ అమ్మకు సొంత అన్న. తోడబుట్టినవారికి కడుపు క్యాన్సరు వచ్చి ఉంటే ఈ పరీక్ష చేయించుకోవడం మంచిదన్నారు. “నాకేమైందని, ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ” అని అమ్మ రెండు రోజులు వినలేదు. అన్నయ్య పేరు ఎత్తగానే మాట్లాడకుండా సరేనంది. అమ్మ ఏళ్ల తరబడి రోజూ గ్యాస్ మాత్ర వేసుకుంటుంది. డాక్టరమ్మను అడిగి ఆగస్టు 25న దాన్ని ఆపించాం, పరీక్ష సెప్టెంబరు 10న. నా కాగితం తీసేసిన చోటే ఇప్పుడు అమ్మ కాగితం అతికించాను. ఇవాళ ఆరో గడి. నిన్న రాత్రి మంటగా ఉందని లేచి కూర్చుంటే, యాంటాసిడ్ తాగించి, తలవైపు రెండో దిండు వేసి, నిద్రపట్టే దాకా పక్కనే ఉన్నాను.